హల్లు లేని రాత్రి

మైము కస్తెమా అని ఒకావిడ ఉండేదని
ఏలూరు రోడ్డు వెనక సందులో, రెండు ట్రెడిళ్ళ ప్రెస్సులో
నాకు తెలిసింది, మే నెలలో.
ప్రూఫులు ఎగిరిపోతాయని
ఫ్యాను ఆపేసుకుని పనిచేసేవాళ్ళం.

నేను కాపీ చదివేవాణ్ణి. నాగుల్ మీరా అక్షరాలు ఏరేవాడు.
నా గొంతు ఆగకముందే ఆయన చేతిలో
ఒత్తులూ కొమ్ములూ సహా మాట నిలబడేది, తలకిందులుగా.

మంచు, అన్నాను.
స్టిక్కులో మంచు.
మళ్ళీ మంచు. మళ్ళీ.
పదకొండో పేజీకి "మ" గడి ఖాళీ.
"ఏం దేశమయ్యా ఇది!
బెజవాడ ఎండలో కూడా కరగదు" అని
పక్క కేసులోంచి అప్పు తెచ్చాడు.

ఆవిడ బతుకు ముందుమాటలో ముప్పై లైన్లు.
ఎస్తోనియాలో ఒక దీవి. నాన్నది చేపల పడవ.
నలభై తొమ్మిది మార్చిలో ఒక తెల్లారగట్ల
తలుపు బాదారు.
పిండి కలుపుతున్న చేతులతోనే పశువుల పెట్టె ఎక్కింది.
సైబీరియాలో ఏడేళ్ళు చెట్లు కొట్టి, తిరిగొచ్చి,
చేపల డబ్బాలకి లేబుళ్ళు అంటించింది.
అంటించకుండా దాచిన లేబుళ్ళ వెనక రాసింది.
అందుకే ఏ పద్యమూ అరచెయ్యి దాటదు.

ఆ ముప్పై లైన్లు చదువుతుంటే
ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు,
గోడ మీది పటాన్ని చూశాడు,
"కానీండి" అన్నాడు.
నాకు తెలిసి ఆయన తెగించి అన్న మాట అదే.

తెలుగు చేసింది సుగుణావతి గారు,
రైల్వే పార్సిలాఫీసు గుమాస్తా.
రష్యన్ రాత్రిబడిలో నేర్చింది.
హౌరా పోయే చేపల పెట్టెల వాసనతో
డ్యూటీ దిగి నేరుగా ప్రెస్సుకొచ్చేది.

ఇరవై మూడో పేజీ దగ్గర నన్ను ఆపింది.
"వాళ్ళ భాషలో రాత్రికి హల్లు లేదు.
నాలుక 'ఏ' దగ్గరే ఉంచి, పెదాలు 'ఓ'కి చుట్టి,
ఊపిరున్నంతసేపూ లాగాలి. అంతే రాత్రి.
మనకేమో ర, త, మళ్ళీ ర.
ఎన్ని పళ్ళు తగులుతాయో చూడండి!"

మీరా కిళ్ళీ ఊసొచ్చి ప్రయత్నించాడు.
ట్రెడిల్ తొక్కే కుర్రాడు పడీ పడీ నవ్వాడు.
"హల్లే లేదా అమ్మా? అంతా అచ్చేనా?
అయితే అది మా మాటే" అని
ఒక "ఓ"ని ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు
దీపాలు పెట్టేవేళ దాకా.

ప్రూఫులో అది సగం మూసిన కన్నులా పడింది.
దాని పక్కన ఆవిడ వాక్యం:
తలుపు బాదకుండా లోపలికొచ్చేది నువ్వొక్కదానివే.

ఎవరం ఏమీ దిద్దలేదు.

పుస్తకం రాలేదు.
కాగితమిస్తామన్న దేశమే ఆ శీతాకాలం లేకుండా పోయింది.
ఓనరు శుభలేఖల్లోకి దిగాడు, తర్వాత ఆఫ్‌సెట్టు.
అక్షరాల్ని గోతాల్లో పోసి కాటా వేయించాడు.
కృష్ణలంకలో నడకుదుటి సింహాద్రి కొన్నాడు,
వలగుండ్లు పోసుకోడానికి.

మీరాని ఎన్నోసార్లు అడిగాను,
ఆ ఒక్క అక్షరం ఏమైందని.
పెదాలు గుండ్రంగా చుట్టేవాడు,
శబ్దం బయటికొచ్చేది కాదు.
పోయిన రంజానుకి ముందు ఆయనా పోయాడు.

మొన్న సింహాద్రి కొడుకు దగ్గర
పాత వల నుంచి ఒక గుండు తెంపించుకున్నాను.
వేపకాయంత. నల్లన.
ఇందులో ఏ పేజీ ఉందో, ఎన్ని మంచులున్నాయో.
డబ్బులొద్దన్నాడు. పిచ్చాణ్ణనుకుని ఉంటాడు.

సుగుణావతి గారికి ఇప్పుడు చూపు ఆనదు.
అరచేతిలో పెడితే
అటూ ఇటూ దొర్లించి, ముక్కు దగ్గర పెట్టుకుని
"చేపల వాసన" అంది.
కాసేపాగి,
"ఆవిడకి నచ్చుతుందిలే."